పనిముట్టు – మమకారము

"ఆడలేక మద్దెల ఓడు" అను సామెత నెఱుగని తెలుగువాడు లేడు. పని చేతకానివాడు పనిముట్టుపై నేరము మోపునని దాని భావము. ఈ సామెత నూటికి తొంబదిపాళ్ళు నిజమే. కాని మిగిలిన పదిపాళ్ళ సంగతి యేమి? మద్దెల నిజముగానే ఓడైనచో వాయించువాడు దానిని బాగుచేసికొనవచ్చునా? బాగుచేసికొనుచు, తన చేతికి మాత్రమే పలుకునట్లు మార్చుకొనవచ్చునా? ఆ మద్దెల తన సొంతము గాక గుడికి చెందినదైనచో ఏమి చేయవలెను?

ముప్పదియాఱు సంవత్సరములు మొదట టైపు మిషను ముందును, పిదప కంప్యూటరు ముందును కూర్చుండి జీవనము గడపినవాడ నగుటచే ఈ ప్రశ్న నన్ను విడువలేదు. నేను పండితుడను గాను; ఎస్.ఎస్.ఎల్.సి. వఱకు చదివిన గుమాస్తాను. కావున నాకు తెలిసిన యొక్క పనిముట్టునుబట్టియే ఈ విషయమును విచారించెదను. పాఠకులు తమతమ పనిముట్లకు దీనిని అన్వయించుకొందురు గాక.

నేను టైపు నేర్చినది 1977లో. అప్పుడు మన బాగేపల్లి కోలారు జిల్లాలోనిది. చిక్కబళ్ళాపుర జిల్లా 2007లో ఏర్పడినది. ఇంట తెలుగు, బడిలో కన్నడము, టైపు విద్యాలయములో మొదట ఇంగ్లీషు, తరువాత మరల కన్నడము — ఇది మన ప్రాంతపు పిల్లలు అనేకులు నడచిన దారియే. ఆ విద్యాలయములో ఐదు మిషనులుండెడివి. అన్నియు ఒకే రకమువైనను వాటిలో మూడవది నాకు ప్రాణము. దానిపై కూర్చుండుటకై తెల్లవారకముందే లేచి, తలుపు తీయకముందే గడపవద్ద నిలిచెడివాడను. నావలెనే మఱియొకనికి ఐదవది ప్రాణము. నాకది మొద్దువలె తోచెడిది. అతనికి నాది వదులుగా తోచెడిది. ఇద్దఱము పరీక్ష నెగ్గితిమి. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి యన్నట్లు, వ్రేలికో మీట యని నేనప్పుడే గ్రహించితిని.

మిషనును ఎన్నుకొనుటలో కొంత శాస్త్రమున్నది. ఎన్నడును టైపు చేయనివారు రంగును, మెఱుగును జూతురు. తెలిసినవాడు మొదట రోలరును గోటితో నొక్కి చూచును. రబ్బరు గట్టిపడి ఱాయివలె నయినచో శబ్దము హెచ్చును, కాగితము జాఱును, అచ్చు కాగితమును చించును. తరువాత కారేజీని ఎడమనుండి కుడికి త్రోసి, దాని నడక ఆ కొసనుండి ఈ కొసకు సమముగా నున్నదా యని చూచును. పిమ్మట ఒకే అక్షరమును ఒక వరుస నిండ కొట్టి, అక్షరములు ఒకే గీటుపై నిలిచినవో, ఎగుడుదిగుడుగా పడినవో కనిపెట్టును. కడపట చిటికెన వ్రేళ్ళ మీటలను నొక్కి చూచును. చూపుడువ్రేలికి ఏ మీటయైనను తేలికయే. మిషను గుణము తెలియునది చిటికెన వ్రేలివద్దనే. బలహీనునితో ఎట్లు ప్రవర్తించునో చూచి మనుష్యుని గుణము కనిపెట్టుటవంటిది ఇది.

ఎన్నుకొన్న పిదప దానిని మన చేతికి ఒదిగించుకొనుట రెండవ మెట్టు. పెద్ద మిషనులకు మీట బరువును హెచ్చించుటకును తగ్గించుటకును ఒక చిన్న పుల్ల యుండును. అది త్రిప్పుకొనవచ్చును. క్రింద దట్టమైన ఉన్నిగుడ్డ పరచినచో మోత తగ్గును. కిరసనాయిలుతో కడిగి, మిషను నూనె నొక్కొక్క చుక్క వేసినచో బిగిసిన కడ్డీలు వదులగును. అచ్చు గుంటలలో చేరిన మసిని సూదితో తీయవచ్చును. ఇవియన్నియు చేయుటలో ఎట్టి తప్పును లేదు, చేయకుండుటయే సోమరితనము. మన కచేరీలలో ఆయుధపూజనాడు టైపు మిషనులకు కుంకుమబొట్లు పెట్టి, పూలు చుట్టి, వాకిట బూడిదగుమ్మడికాయ పగులగొట్టెడివారము. ఏడాదిలో ఒక దినము పువ్వు పెట్టి, మిగిలిన దినములలో దుమ్ము తుడువనివాని పూజ ఏపాటిది?

1982లో నేనొక కచేరిలో టైపిస్టుగా చేరితిని. నాకిచ్చిన కన్నడ మిషను పాతది. ఐదాఱు నెలలు సేవచేసి దానిని దారికి తెచ్చితిని. కాని ఒక చిక్కు మాత్రము తీరలేదు. మన సీమలో ఏ కాగితమైనను ఏదో యొక 'పల్లి' పేరు లేక ముగియదు. బాగేపల్లి మొదలుకొని ఊరూర 'పల్లి'యే. మనుష్యుల పేర్లలోను ఎల్లప్పలు, మల్లమ్మలే. కావున ల వత్తు నాకు దినమునకు వందలమార్లు కావలసివచ్చెడిది. నా మిషనులో ఆ వత్తు చిటికెన వ్రేలికి అందని మూల నుండెను. సాయంకాలమునకు మణికట్టు లాగెడిది. వ వత్తు మాత్రము అనువైన చోట నుండెను, దాని అవసరమో మిక్కిలి తక్కువ.

ఒక ఆదివారమున మిషను మెకానికును పిలిపించి, అచ్చుదిమ్మల నూడదీయించి ఆ రెంటికిని చోటు మార్పించితిని. సీసము కరగించి అతికించుట అతనికి గడియసేపటి పని. "మీటల పైని గుర్తులు గూడ మార్చవలెనా?" అని అతడడిగెను. "నేను మీటలు చూచి కొట్టువాడనా? అక్కఱలేదు" అంటిని. ఆ మాట పలుకునప్పుడు నాకు కొంత గర్వముగా నుండెనని ఒప్పుకొనక తప్పదు. ఆ దినమునుండి నా వేగము పెరిగినది, మణికట్టు నొప్పి తగ్గినది. ఈ సంగతి నేనెవ్వరికిని చెప్పలేదు. చెప్పవలెనని తోచనుగూడ లేదు. ఆ మిషను నాదే యని నా మనస్సు ఎప్పుడో వ్రాసికొన్నది.

1991లో మా తండ్రిగారికి జబ్బుచేయగా నేను ఇరువది దినములు సెలవు పెట్టితిని. నా స్థానమునకు వేఱొక చోటినుండి ఒక కుఱ్ఱవానిని పంపిరి. అతడును మన తెలుగింటి పిల్లవాడే. క్రొత్తగా ఉద్యోగమున చేరినవాడు. విద్యాలయములో నేర్చిన ప్రకారము, మీటపై నున్న గుర్తు ప్రకారము, అతడు ల వత్తు కొట్టెను. కాగితముపై వ వత్తు పడెను. రెండును అడుగున పడు చిన్న సుళ్ళే. రిబ్బను పాతది, కార్బను క్రింది ప్రతులు మఱింత మసక. కొన్నింటిని అతడు కనిపెట్టి చెఱిపి దిద్దెను. కొన్ని సంతకమై బయటికి పోయినవి.

అట్లు పోయినవానిలో ఒక ముసలమ్మ వితంతు పింఛనునకు కావలసిన ధ్రువపత్రమొకటి. ఆమె పేరిలోను, ఊరి పేరిలోను ల వత్తు కలదు. రెండును మాఱిపోయినవి. ఆ పత్రము చూచినవారు పేరు సరిపడలేదని ఆమెను త్రిప్పి పంపిరి. సరిహద్దు దగ్గఱి పల్లెనుండి ఆమె మూడుమార్లు తిరిగెను. మూడవమారు వచ్చిన దినముననే నేను సెలవు ముగించి వచ్చి, ఆ కుఱ్ఱవానియొద్దనుండి పని ఒప్పుకొనుచుంటిని.

ఆమె నన్ను జూచి, "నాయనా, నేను పుట్టి పెరిగిన ఊరు, నన్నిచ్చిన ఊరు అన్నీ ఈడనే. మా ఊరి పేరు మీ మిషనుకు రాదా?" అనెను. కాగితము చేతికి తీసికొనగానే నాకు సంగతి తెలిసినది. "కూర్చో అవ్వా, ఇప్పుడే వేఱేది కొట్టిస్తాను" అంటిని. ఇంతలో పై అధికారి లోపలినుండి వచ్చి, కాగితము చూచి, ఆ కుఱ్ఱవానిని అందఱియెదుట నిలువబెట్టి చీవాట్లు పెట్టెను. "ఇంట తెలుగు మాటలాడువానికి కన్నడపు వత్తులు ఎట్లు వచ్చును?" అనెను. ఆ పిల్లవాడు తల వంచుకొనెను. తాను సరియైన మీటయే నొక్కితినని అతనికి తెలియును. కాని కాగితము వేఱుగా చెప్పుచున్నది. తన వ్రేళ్ళపై తనకే నమ్మకము పోయినవానివలె చేతులవంక చూచుకొనెను.

నేను ప్రక్కనే యుంటిని. "తప్పు అతనిది కాదు, అతని భాషది కాదు, నేను మిషనును మార్చితిని" అనుటకు అర నిమిషము చాలును. నేను పలుకలేదు. ప్రభుత్వపు మిషనును అనుమతి లేక మార్చితినన్న మాట వచ్చునేమో, సంజాయిషీ అడుగుదురేమో యని భయపడితిని. ముసలమ్మకు పత్రము మార్చి యిచ్చి పంపితిని. మఱుసటి ఆదివారమే నా చేతి డబ్బిచ్చి వత్తులను మరల యథాస్థానమున పెట్టించితిని. మిషను బాగుపడినది. ఆ కుఱ్ఱవాడు కొన్నాళ్ళకు దూరపు ఊరికి బదిలీ అయి పోయెను. అతనికి నేను చెప్పవలసిన మాట నాలోనే మిగిలినది. ముప్పది సంవత్సరములు దాటినను అతడు చేతులవంక చూచుకొన్న ఆ చూపు నాకు మఱపునకు రాలేదు.

ఇప్పుడు విచారింపవలసినది ఇది: నేను చేసిన తప్పేది? మిషనును మార్చుటయా? గుర్తులు మార్చకుండుటయా? ఎవ్వరికిని చెప్పకుండుటయా? చెప్పవలసినచోట నోరు మూసికొనుటయా?

మార్చుటయే తప్పని కొందఱందురు. ఉన్నదానికి మనము ఒదుగవలెను గాని, మన కొఱకు దానిని వంచరాదని వారి వాదము. దీనిని నేనంగీకరింపను. మీటల వరుస బ్రహ్మ వ్రాసినది కాదు. అమెరికాలో షోల్సు అను నతడు తన మిత్రులతో గూడి 1868లో టైపు మిషనుకు పేటెంటు పొందెను. రెమింగ్టను కంపెనీవారు 1874లో దానిని అమ్మకమునకు తెచ్చిరి. ఇంగ్లీషు మీటల వరుస నాటినుండి వచ్చినదే. కడ్డీలు ఒకదానితో నొకటి చిక్కుకొనకుండుటకై అట్లమర్చిరని కొందఱు, తంతి పనివారి వాడుకనుబట్టి అమర్చిరని కొందఱు చెప్పుదురు. ఎట్లయినను అది మనుష్యుడు చేసినది, మనుష్యుడు మార్చదగినది. వాషింగ్టను విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆగస్టు డ్వోరాకు వ్రేళ్ళకు శ్రమ తక్కువగు మఱియొక వరుసను కల్పించి 1936లో పేటెంటు పొందెను. అది ఉపజ్ఞ గల పనియే. అయినను లోకము దానివైపు తిరుగలేదు. అప్పటికే లక్షలమంది వ్రేళ్ళు పాత వరుసకు అలవాటుపడియుండెను. కచేరీలనిండ పాత మిషనులే యుండెను.

ఇందువలన నాకు బోధపడినది ఏమనగా, మీటల వరుస యనునది ఒక ఒడంబడిక. బాటలో ఎడమప్రక్క నడచుటవంటిది. కుడిప్రక్క నడచుటలో పాపము లేదు. అందఱును ఎడమకు నడచుచుండగా ఒక్కడు చెప్పక కుడికి నడచుటలో ప్రమాదమున్నది. ఒడంబడికను మార్చవచ్చును, కాని అందఱియెదుట మార్చవలెను. కన్నడమునందే చూడుడు. టైపు మిషనుకు మీటల అమరిక కల్పించినవారు అనంతసుబ్బారావుగారు. కంప్యూటరు కాలము వచ్చినప్పుడు కె.పి. రావుగారు ఉచ్చారణ ననుసరించి తక్కువ మీటలతో వేఱొక అమరిక నేర్పఱచిరి. దానిని అనుసరించిన పద్ధతినే పిదప ప్రభుత్వము ప్రమాణముగా గ్రహించినది. నుడి అను సాధనము కచేరీలకు వచ్చినది. నలువదియైదేండ్ల వయస్సులో నేను పాత వరుస మఱచి క్రొత్త వరుస నేర్చుకొనవలసివచ్చెను. కష్టమే యయ్యెను. కాని ఆ మార్పు బహిరంగముగా జరిగినది; నేర్పువారుండిరి; మీటపై నున్నదే తెఱపై పడెను. నేను ఆదివారమునాడు తలుపు మూసి చేయించిన మార్పునకును దీనికిని గల భేదము అప్పుడు నాకు స్పష్టమైనది.

1991లోనే భారతీయ భాషలకు ఇన్‌స్క్రిప్టు అను అమరిక ప్రమాణముగా స్థిరపడినది. అందులో కన్నడపు 'క'యు, తెలుగు 'క'యు ఒకే మీటపై నున్నవి. ఒక భాషకు నేర్చిన వ్రేలు రెండవ భాషకును పనికివచ్చును. రెండు భాషల నడుమ బ్రతుకు మనవంటివారికి ఇది చిన్న ఉపకారము కాదు. ఒకే సంవత్సరమున పెద్దలు అన్ని భాషలవారికి పనికివచ్చునట్లు మీటలు అమర్చిరి; నేను నా యొక్కనికి మాత్రమే పనికివచ్చునట్లు అమర్చుకొని యుంటిని.

కావున నా తీర్పు ఇది. పనిముట్టును చేతికి ఒదిగించుకొనుట తప్పు కాదు. కాని మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఎవరిది? నా తరువాత దీనిముందు ఎవరు కూర్చుందురు? మీటపై నున్న గుర్తు నిజము చెప్పుచున్నదా? మొదటి రెంటిలో పొరపాటు పడినను దిద్దుకొనవచ్చును. మూడవది మాత్రము అసత్యము. చెప్పునదొకటి, చేయునదొకటి యైన మనుష్యుని మనము నిందింతుము. మీటపై నొకటి, అచ్చున నొకటి యుంచి నేను ఆ గుణమును ఇనుమునకు అంటగట్టితిని. దాని ఫలము నాకు గాక, తరువాత కూర్చున్నవానికి తగిలినది. మమకారము చెడ్డదని పెద్దలు చెప్పినప్పుడు సంపదను గూర్చియే చెప్పిరనుకొనెడివాడను. తనది కానిదానిని తనదిగా భావించుటకు బంగారమే కానక్కఱలేదు. పాత టైపు మిషను చాలును.

2018లో పదవీవిరమణ చేసితిని. అప్పటికి టైపు మిషనుల కాలము ముగిసినది. 1955లో మన దేశమున మిషనుల తయారీ ప్రారంభించిన గోద్రెజ్ కంపెనీ 2009లో దానిని నిలిపివేసినది. అయినను నాకొక కోరిక మిగిలెను. ముప్పదియాఱేండ్లు కన్నడమును, ఇంగ్లీషును కొట్టిన ఈ వ్రేళ్ళతో తెలుగు కొట్టవలెనని. వెదకగా వెదకగా హిందూపురమున మూతపడిన ఒక టైపు విద్యాలయమువారివద్ద ఒక పాత తెలుగు రెమింగ్టను దొరకినది. ప్రక్కనే మెఱుగు తగ్గని మిషను మఱియొకటి యుండెను, వెలయు తక్కువే. కాని గోటితో రోలరు నొక్కి, కారేజీ త్రోసి, చిటికెన వ్రేలితో మీట నొక్కి చూచిన పిదప, రంగు పోయినదానినే తెచ్చుకొంటిని.

దానికి క్రొత్త రబ్బరు వేయించితిని. మీట బరువు తగ్గించితిని. నాకు అనువుగా రెండు గుర్తుల చోటులు మార్పించితిని. ఈమారు మెకానికు అడుగకముందే, "మొదట మీటల పైని గుర్తులు మార్చుము, తరువాత అచ్చుదిమ్మలు" అంటిని. అతడు నవ్వి, "ఇంట్లో ఉండే మిషను, ఎవరు చూస్తారు సార్?" అనెను. నేను బదులు చెప్పలేదు.

బెంగుళూరున నున్న మా పెద్దవానికి ఈ పిచ్చి వేఱు రూపమున అబ్బినది. వాడు కంప్యూటరు ఉద్యోగి. 1985లో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చిన మోడల్ ఎమ్ అను కీబోర్డు నొకటి వెదకి తెప్పించుకొన్నాడు. దాని మీటల క్రింద స్ప్రింగు వంగి టక్కుమని పలుకును. నా పాత మిషను శబ్దము గుర్తునకు వచ్చును. వాడు దానిని విప్పి, కడిగి, పై తొడుగులు తీసివేసి, ఏ గుర్తును లేని తెల్లని తొడుగులు వేసికొన్నాడు. చూడగానే నాకు గుండె ఝల్లుమన్నది. "నీ తరువాత దీనిమీద కూర్చుండువాడు ఏమి చేయును రా?" అంటిని. "ఇది నాది కదా నాయనా. ఆఫీసులో ఉండేది వేఱే, దాన్ని నేను ముట్టను" అనెను.

నేను కొంతసేపు ఆలోచించితిని. వాని మీటలు ఏమియు చెప్పవు గాని, అబద్ధము చెప్పవు. వస్తువు వానిది. తెలియనివాడు దానిముందు కూర్చున్నను, తనకు తెలియదని తెలిసికొనును; మోసపోడు. వాని పక్షముననే న్యాయమున్నదని ఒప్పుకొంటిని. నేటి యంత్రములలో అక్షరముల వరుసను క్షణములో మార్చి, లేచిపోవునప్పుడు క్షణములో మరల పెట్టవచ్చునట. అట్టి సౌకర్యము నాకు లేకుండెను. ఒక్క మాట చెప్పు సౌకర్యము మాత్రము ఉండెను.

ఈ విచారము మీటలతో ముగియదు. మనము మాటలాడు తెలుగునుగూడ ఇట్లే మనకు ఒదిగించుకొంటిమి. టైపును మేము 'బెరళచ్చు' అని కన్నడములోనే అనెడివారము. ఇట్టివి మన ఇండ్లలో ఎన్నియో కలవు. హిందూపురము చుట్టములు విని నవ్వుదురు. నవ్వనిండు, ఇంటి మాట ఇంటివారి నోటికి ఒదిగియుండుటలో దోషము లేదు. కైవారము తాతయ్యగారు తెలుగునను కన్నడమునను కూడ పాడి మన సీమవారిని మేల్కొలిపిరి. కాని పిల్లవానికి అక్షరము దిద్దించునప్పుడు, పదిమంది చదువు కాగితము వ్రాయునప్పుడు, ఏది ఇంటి వాడుకయో, ఏది అందఱి వాడుకయో చెప్పి నేర్పుట మన బాధ్యత. చెప్పక వదలినచో, రేపు వాడు పదిమందిలో తల వంచుకొని తన చేతులవంక తాను చూచుకొనవలసివచ్చును.

నా తెలుగు మిషను మూతకు లోపలిప్రక్క ఒక కాగితము అంటించితిని. ఏ గుర్తును ఎక్కడినుండి ఎక్కడికి మార్పించితినో, ఎప్పుడు మార్పించితినో అందు వ్రాసితిని. నా తరువాత ఆ మిషను పాత ఇనుపసామాను కొట్టునకే పోవచ్చును. ఆ కాగితమును చదువువాడెవడును ఉండకపోవచ్చును. అయినను ముప్పదియేండ్ల క్రిందట చేయవలసిన పనిని ఇప్పుడైనను చేసితినని నాకొక తృప్తి. ఆ కుఱ్ఱవాడు, నేడు తానును ఉద్యోగము ముగింపు దగ్గఱ నుండువాడు, ఎక్కడనైనను ఈ సంచికను చదువుట తటస్థించినచో, ఆనాడు అతడు నొక్కిన మీట సరియైనదేనని ఇందుమూలమున తెలియజేసికొనుచున్నాను.